వెనుకకు మరలుట నేరమా?

క్రొత్తదానిని వెంటనే కైకొనువానిని లోకము తెలివిగలవాడనును. కైకొని, నాలుగు దినములు వాడిచూచి, మరల ప్రాతదానియొద్దకు పోవువానిని మాత్రము పిఱికివాడనియో, సోమరియనియో నవ్వును. కంప్యూటర్ల విషయమున ఈ నవ్వు మఱింత బిగ్గరగా వినవచ్చుచున్నది. తమ కంప్యూటరునందలి ఆపరేటింగు సిస్టమును క్రొత్తదానికి మార్చి, అది సరిపడక ప్రాతదానినే మరల నెక్కించుకొన్నవారిని కొందఱిని నేనెఱుగుదును. వారిలో నొకరు ఈ సంగతి పదిమందిలో చెప్పవలదని నన్ను బ్రతిమాలిరి కూడ! వారట్లు తప్పు చేసినవారివలె సిగ్గుపడవలసిన పనిలేదని నా యభిప్రాయము. ఐతే, మరలువాడు తానేల మరలుచున్నాడో ఎఱిగియుండవలెను. ఈ రెండవ మాటకొఱకే యీ వ్యాసము వ్రాయుచున్నాను.

తల్లిదండ్రులలో కొందఱికి ఈ విషయము క్రొత్తగా నుండవచ్చును గనుక చిన్న వివరణము. కంప్యూటరను యంత్రము తనంతట తానేమియు చేయజాలదు. మీటపై వ్రేలు మోపినప్పుడు ఏ యక్షరము కనబడవలెనో, వ్రాసిన జాబు ఎచట దాగియుండవలెనో, ప్రింటరునకు దానినెట్లు పంపవలెనో, ఈ పనులన్నిటిని జరిపించు పెద్ద ప్రోగ్రామునకు ఆపరేటింగు సిస్టమని పేరు. ఇల్లు నిలిచియుండగనే పునాదిని మార్చుట యెట్టిదో, దీనిని మార్చుటయు నట్టిదే. పైనున్నవన్నియు కొంత కదలక మానవు. అందు ముఖ్యముగా డ్రైవర్లు. ప్రింటరు, స్కానరు మొదలగు ప్రతి పరికరమునకును సిస్టమునకును నడుమ దుబాసివలె నిలిచి మాటలాడు చిన్న ప్రోగ్రామును డ్రైవరందురు. సిస్టము మాఱినచో దుబాసియు క్రొత్త భాష నేర్వవలెను. పరికరము చేసినవారు అట్టి దుబాసిని పంపకున్నచో, నిన్నటివఱకు చక్కగా పనిచేసిన ప్రింటరు నేడు మూగదగును.

జనులు గుంపులు గుంపులుగా వెనుకకు మరలిన సందర్భము 2007వ సంవత్సరమున వచ్చెను. మైక్రోసాఫ్టువారు 2001 అక్టోబరు 25న వెలువరించిన విండోసు ఎక్స్‌పీ అప్పటికి అయిదేండ్లకు పైగా ఇండ్లలోను కార్యాలయములలోను వేళ్లూనియుండెను. 2007 జనవరి 30న దాని తరువాతిదైన విండోసు విస్టా బజారునకు వచ్చెను. ఎక్స్‌పీకి తక్కువలో తక్కువ 64 మెగాబైట్ల మెమరీ చాలునని చెప్పిన సంస్థయే విస్టాకు 512 మెగాబైట్లు కావలెననెను. దాని సొగసులన్నియు చూడగోరువారికి ఒక గిగాబైటు. అనగా, నిన్న కొన్న యంత్రము నేడు చాలదయ్యెను. ఎన్నో పరికరములకు డ్రైవర్లు సకాలమున రాలేదు. అదియుగాక, సిస్టములో మార్పు తెచ్చు ప్రతి పనికిని "అనుమతింతువా?" అని యడుగు పద్ధతి యొకటి యందు చేర్చబడెను. దొంగ ప్రోగ్రాములు చొరబడకుండుటకై మంచి యుద్దేశముతో చేసినదే యది. కాని మాటిమాటికి అడుగబడు ప్రశ్నను ఎవరు చదువుదురు? హాజరుపట్టీ పిలుచునప్పుడు పరధ్యానముననే "ప్రెజెంటు సార్" అను బాలునివలె, జనులు ప్రశ్న చూడకయే "అవును" అని నొక్కుట నేర్చుకొనిరి.

అంతట మరలుట ప్రారంభమయ్యెను. డెల్ కంపెనీవారు కొనువారి కోరికపై 2007 ఏప్రిలులోనే కొన్ని క్రొత్త కంప్యూటర్లలో ఎక్స్‌పీని మరల ఇయ్యసాగిరి. విస్టా బిజినెసు, అల్టిమేటు అను రకములను కొన్నవారు ఎక్స్‌పీ ప్రొఫెషనలునకు దిగుటకు లైసెన్సులోనే హక్కు కలదు. 2008 జనవరితో ఆగవలసిన ఎక్స్‌పీ అమ్మకమును జూను 30వఱకు పొడిగించిరి. దానిని ఇంకను అమ్మవలెనని ఇన్ఫోవరల్డు పత్రిక నడపిన విన్నపముపై రెండు లక్షలకు మించిన సంతకములు పడెను. తుదకు 2009 అక్టోబరు 22న విండోసు 7 వచ్చినప్పుడు, దాని ప్రొఫెషనలు మొదలగు రకములు గలవారికి "ఎక్స్‌పీ మోడు" అను నేర్పాటు ఉచితముగా లభించెను. క్రొత్త సిస్టములోపలనే ప్రాత సిస్టమొకటి నడచుట! క్రొత్త యింటిలో తాతగారి గదిని గోడలతో సహా తెచ్చి నిలిపినట్లుండెను.

ఈ రెండు లక్షలమందియు పిఱికివారా? నాకట్లు తోచదు. వారికి తమ పని యేమో తెలియును, దానిని క్రొత్త సిస్టము చెఱచుచున్నదని కన్నులార చూచిరి, కావున మరలిరి. వారి మరలుటయే చేసినవారికి చేరిన జాబు. 2012 అక్టోబరు 26న వచ్చిన విండోసు 8లో అందఱకు అలవాటైన స్టార్టు మీట తీసివేయబడెను. 2013 అక్టోబరు 17న వచ్చిన 8.1లో అది తిరిగి కనబడెను. వాడువారు నోరుమూసికొని యున్నచో అది తిరిగి వచ్చియుండునా?

నేడు మరలుట మునుపటికన్న సులభము. విండోసు 10గాని, 11గాని ప్రాతదానిపై నెక్కించినప్పుడు, ప్రాత సిస్టము "విండోసు.ఓల్డు" అను సంచిలో కొంతకాలము భద్రముగా నుండును. 2015లో ఈ గడువు నెలదినములు; 2016లో దానిని 10 దినములకు తగ్గించిరి. గడువు తీఱకముందే ఆదేశమిచ్చినచో 60 దినములవఱకు పెంచుకొనవచ్చును గాని, ఆ సంగతి తెలిసినవారు తక్కువ. పదునొకండవనాడు మరలదలచినవాడు సమస్తమును తుడిచి మొదటినుండి ఎక్కించుకొనవలసినదే. కావున విద్యార్థులారా, మార్చుటకు ముందే మీ ఫైళ్లకు వేఱొకచోట నకలు తీసికొనుడు. మార్చిన మొదటి వారముననే ప్రింటరును, స్కానరును, మీరు నిత్యము వాడు ప్రతి ప్రోగ్రామును ఒక్కొక్కసారి నడపిచూడుడు. సెలవులకు ముందునాడు మార్చి ఊరికి పోవువాడు తిరిగివచ్చుసరికి ద్వారము మూసియుండును.

ఐతే ప్రాత యింటికి కావలివాడు కలకాలముండడు. ఎక్స్‌పీకి రక్షణమార్పులు పంపుట 2014 ఏప్రిలు 8తో ముగిసెను. విండోసు 7నకు 2020 జనవరి 14తోను, విండోసు 10నకు 2025 అక్టోబరు 14తోను ఆ కావలి ముగిసెను. పదవదానియందు ప్రత్యేకముగా నమోదు చేసికొన్నవారికి మాత్రము మఱియొక యేడు గడువీయబడెను. కావలి లేనిచో ఏమగునో 2017 మే 12న లోకమంతయు చూచినది. వన్నాక్రై అను దుష్ట ప్రోగ్రాము 150 దేశములలో కంప్యూటర్లనందలి ఫైళ్లకు తాళములు వేసి, సొమ్మిచ్చిననే తీయుదుననెను. బ్రిటనులోని ప్రభుత్వ ఆసుపత్రులు కొన్ని రోగులను త్రిప్పి పంపవలసివచ్చెను. మన ఆంధ్రప్రదేశములో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లకును ఆ తెగులు సోకెను. ఇచట న్యాయముగా ఒక మాట చెప్పవలెను. దాని వాతబడినవానిలో నెక్కువ భాగము ఎక్స్‌పీవి కావు, విండోసు 7వి. ఆ రంధ్రమును పూడ్చు మార్పు మార్చినెలలోనే వచ్చియుండెను; వారు దానిని ఎక్కించుకొనలేదు. ప్రాతదైనను కావలియున్న యింట తలుపు వేసికొనకుండుట వారి తప్పు. కావలియే లేని యింటిలో తలుపు వేసికొన్నను భయమే.

ఇక మన తెలుగువారి లెక్క కొంచెము వేఱు. విండోసు 2000లో హిందీకిని అఱవమునకును చోటు దొరకెను గాని తెలుగునకు దొరకలేదు. గౌతమి అను ఫాంటుతో మన లిపి మొదట ఎక్స్‌పీతో వచ్చెను. అదియును తనంతట కనబడదు; సెట్టింగులలోనికి పోయి, ఒక గడిలో గుర్తుపెట్టి, ఎక్స్‌పీ సీడీని లోపల పెట్టిననే అక్షరములు సరిగా కూడుకొనును. విస్టాలో ఈ శ్రమ లేకుండ తెలుగు మొదటినుండియే కనబడెను. అనగా, లోకము తిట్టిన ఆ విస్టా మన భాషకు మాత్రము మేలు చేసినది. దానిని వదలి ఎక్స్‌పీకి మరలిన తెలుగువాడు సీడీని మరల వెదకుకొనవలసినదే. ఆ నష్టమును తలచినవారిని నేను చూడలేదు. ఏలయనగా అప్పటికి మన అచ్చుపనిలో యూనీకోడు వాడుక చాల తక్కువ.

అప్పటి తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరముల స్థానములలో మన తలకట్టులను, గుడులను, ఒత్తులను ముక్కలు ముక్కలుగా కూర్చినవి. కంప్యూటరు తాను దాచుకొన్నది ఇంగ్లీషనియే తలచును. మనకు మాత్రము తెలుగు కనబడును. ఈ యుపాయము చేసినవారిని తప్పుపట్టరాదు. వారు లేకున్నచో ఎన్నో యేండ్లు తెలుగు పుస్తకములు కంప్యూటరుపై కూర్పబడియే యుండవు. పుటలు కూర్చుటకు అందఱును వాడిన పేజిమేకరునకు యూనీకోడు తెలియదు; 2001లో వచ్చిన 7.0 దానికి తుది రూపము. కనుక ఫాంటు, మీటల ప్రోగ్రాము, కూర్పు ప్రోగ్రాము, వీనిని మోయు ప్రాత సిస్టము, ఈ నాలుగును ఒకదానికొకటి ముడిపడిపోయెను.

మా పట్టణమున ఒక చిన్న అచ్చుకూటము గలదు. శుభలేఖలు, కరపత్రములు, పాఠశాలల ప్రశ్నపత్రములు, ఈ సంచికవంటి పుస్తకములు అచట కూర్పబడును. యజమాని ఇరువది యేండ్లకు పైగా ఈ వృత్తిలో నున్నవారు. కొన్నియేండ్ల క్రిందట వారి కుమారుడు సెలవులకు వచ్చి, తండ్రికి మేలు చేయదలచి, క్రొత్త సిస్టము నెక్కించెను. "క్రొత్తదే మంచిది, సంశయింపకుడు" అని ప్రోత్సహించినవారిలో నేనొకడను. మఱునాడు ప్రొద్దుననే ఒక పెండ్లివారు వచ్చిరి. ఫైలు తెఱచినంతనే పెండ్లికూతురి పేరుండవలసినచోట ఇంగ్లీషు అక్షరములు, డాలరు గుర్తులు, ఆశ్చర్యార్థకములు బారులుతీరి నిలిచెను. ఫాంట్లు తిరిగి చేర్చిన పిమ్మట పేరు వచ్చెను గాని, మీటలను తెలుగునకు మార్చు ప్రాత ప్రోగ్రాము ఎంత చేసినను లేవలేదు. ప్రింటరునకు ప్రాత 32 బిట్ల డ్రైవరు మాత్రమే యుండెను; క్రొత్త సిస్టము 64 బిట్లది; అందు అది నడువదు. పెండ్లివారు మధ్యాహ్నమువఱకు బల్లపై కూర్చుండి లేచిపోయిరి. ఆ రాత్రియే ప్రాత సిస్టము మరల నెక్కెను.

"ఏం చెయ్యమంటారు మాష్టారూ, నా కూడు ఆ పాతదాంట్లోనే ఉంది" అని ఆయన నాతో ననిరి. నేను తల వంచుకొంటిని.

ఆయన మరలుట ముమ్మాటికిని సరియే. కాని నాకు నిద్రపట్టనీయనిది వేఱొకటి. 2007లో విస్టాను వదలినవాని యెదుట రెండు త్రోవలుండెను. అతడు తనకు నచ్చినదానిని ఎంచుకొనెను. మా యజమానికి త్రోవ యొక్కటే. ఆ కంప్యూటరునకు ఇంటర్నెట్టు తీగ తగిలింపక ఆయన జాగ్రత్తగానే కాపాడుచున్నారు. ఐనను దాని బోర్డు కాలిపోయిననాడు ఆ ప్రాత సిస్టము నెక్కనిచ్చు యంత్రము బజారులో దొరకుట అరుదు. ఇరువదియేండ్ల కూర్పు అందులో నున్నది. అందు మన పాఠశాల సంచికలును గలవు. క్రిందటేడు ఒక పూర్వ సంచిక సీడీని నేను తెఱచిచూచితిని. ఒక బాలిక తన ఊరి చెఱువును గుఱించి వ్రాసిన వ్యాసము మొదటి పుటలోనే యున్నది. అందు ఒక్క మాటయు చదువవీలుకాలేదు. అలమరలో అచ్చు ప్రతి యుండబట్టి ఆ చెఱువు దక్కినది.

కావున నేను కోరునది ఒక్కటి. ప్రాత సిస్టములో నుండదలచినవారు సుఖముగా నుండుడు. కాని వ్రాతను మాత్రము అందు బందీగా నుంచకుడు. ప్రాత ఫాంటులనుండి యూనీకోడునకు మార్చు ప్రోగ్రాములు దొరకుచున్నవి. మార్చిన పిమ్మట మనుష్యుడు అక్షరమక్షరము చదివి దిద్దవలెను. అదియే అసలు పని. పై తరగతులవారు ఒక్కొక్కరు ఒక్కొక్క సంచికను తీసికొన్నచో ఒక వేసవిలో ఎంతో సాగును. పుటకింత యని వెల చెప్పి చేయించుటకంటె, తెలుగు చక్కగా వచ్చిన పిల్లలు చేయుటయే మేలని నా నమ్మకము. తల్లిదండ్రులు దీనిని చదువునకు అడ్డమని తలపకుందురు గాక.

మొదలు మేమే పెట్టితిమి. క్రిందటి వేసవిలో ఆదివారపు సాయంకాలములు ఆ అచ్చుకూటమున కూర్చుండి, చెఱువు వ్యాసమున్న సంచికను యజమానియు నేనును మార్చితిమి. అక్షరములు చాలవఱకు చక్కగనే వచ్చెను. శకటరేఫ మాత్రము వచ్చిన ప్రతిచోట మాయమగుచుండెను. అందుచేత ఆ బాలిక చెఱువు పుటపుటకును "చెవు" అయి కూర్చుండెను. ఆయన కన్నద్దములు తుడుచుకొని ఒక్కొక్కదానిని చూపుచుండగా నేను దిద్దితిని. ఆ వ్యాసమున ఇరువదియేడుచోట్ల చెఱువున్నది.