గుహలో వదిలేసిన ఇద్దరు

'బోన్ టోమహాక్' మీద నా అభ్యంతరం అందులో పారిన నెత్తురు గురించి కాదు. 2015లో ఎస్. క్రెయిగ్ జాలర్ తీసిన ఈ అమెరికన్ సినిమా, మనం కౌబాయ్ సినిమా అనుకునేదానికి హారర్‌ని కలిపింది. సుమారు 18 లక్షల డాలర్లతో, 21 రోజుల్లో షూటింగ్ ముగించారు. హాలీవుడ్ లెక్కన అది చిల్లర డబ్బు. పెద్ద స్టూడియోల పెత్తనం లేని స్వతంత్ర సినిమా అని మెచ్చుకుంటారు. సరే, ఆ స్వతంత్రంతో ఏం చెప్పారు? ఎత్తుకుపోయిన భార్య కోసం మగవాళ్ళు గుర్రాలెక్కి బయల్దేరడం. 'ది సెర్చర్స్' (1956)లో జాన్ ఫోర్డ్ అన్న కూతురి కోసం బయల్దేరదీశాడు, అంతే తేడా.

ఆ భార్య సమంతా వైద్యం తెలిసిన మనిషి. కాపాడడానికొచ్చిన మగవాళ్ళ తెలివితక్కువతనాన్ని మొహమ్మీదే దులిపేస్తుంది. ఆ ఒక్క సన్నివేశం చూపించి ఇది స్త్రీల పక్షం సినిమా అని మా విద్యార్థినులే కొందరు నాతో వాదించారు. అయితే ఆ గుహలోని మిగతా ఇద్దరు ఆడవాళ్ళ మాటేమిటి?

నరమాంసం తినే ఆ తెగ స్త్రీలు వాళ్ళు. కళ్ళలో కొయ్యమేకులు దిగ్గొట్టి, కాళ్ళూ చేతులూ నరికేసి ఉంటారు. ఇద్దరూ గర్భిణులు. పేరు లేదు, మాట లేదు. కెమెరా కొన్ని క్షణాలు చూస్తుంది. సమంతా, ఆమె భర్త, ముసలి డిప్యూటీ వాళ్ళని దాటుకుని బయటి వెలుగులోకి నడిచిపోతారు. వైద్యం తెలిసిన సమంతా కూడా! తెగ మగవాళ్ళ క్రూరత్వానికి రుజువుగా రెండు గర్భాలు కావలసి వచ్చాయి. రుజువయ్యాక కథకి వాటితో పనిలేదు.

"వీళ్ళు ఇండియన్లు కారు" అని ముందే ఒక ఆదివాసీ పాత్ర చేత చెప్పించుకున్నారు. ఈ ముందుజాగ్రత్తే నాకు మరీ ఒళ్ళు మండిస్తుంది. బాణాలూ, గొడ్డళ్ళూ, ఎముకలూ అన్నీ వెస్టర్న్‌లు ఆదివాసీలకి అంటగట్టినవే. నింద మాత్రం వాళ్ళ మీద లేదట! అసలు అమెరికాలో ఆదివాసీ స్త్రీల గర్భాల జోలికి వెళ్ళిందెవరు? ఇండియన్ హెల్త్ సర్వీస్‌కి ఉన్న 12 ప్రాంతాల్లో కేవలం నాలుగింటిలో, 1973–76 మధ్య 3,406 మందికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు జరిగాయని 1976లో ఆ దేశ ప్రభుత్వ ఆడిట్ సంస్థే లెక్క తేల్చింది. సమ్మతి పత్రాలు నిబంధనల ప్రకారం లేవనీ చెప్పింది. అక్కడ కొయ్యమేకులు లేవు, తెల్లకోట్లున్నాయి. కుటుంబ నియంత్రణ శిబిరాల్లో వరసగా పడుకోబెట్టిన ఆడవాళ్ళని ఎరిగిన మనకి ఇది విడమరిచి చెప్పాలా? ఆ చరిత్రని తలకిందులు చేసి, గర్భం మీది హింసని అడవి మనుషుల ఖాతాలో వేసే సినిమాని సాహసం అనలేను.

డబ్బు తక్కువైతే ఇలాగే తీయాలనీ లేదు. 2018లో ఎమ్మా టామీ 'ది విండ్' తీసింది. రచన టెరెసా సదర్లాండ్. అదీ చిన్న సినిమానే. గడ్డిమైదానంలో ఒంటరి ఇల్లు, చనిపోయి పుట్టిన బిడ్డ, తన భయాన్ని నమ్మని మొగుడు, ఆగని గాలి. కాన్పు నెత్తురు ఆమె గౌను మీద ఉంటుంది, కెమెరా ఆమెని దాటిపోకుండా అక్కడే నిలబడుతుంది.