పిల్లే కదా!

పోయిన వేసవిలో ఒక రాత్రి అమ్మ ఫోన్. "మూడు దినాలైంది నాయనా, పిల్లి ఏమీ తినల్యా. కడుపు మాత్రం కుండ మాదిరి ఉబ్బింది."

నేనేమన్నానో తెలుసా? "ఈనుతుందేమో లేమ్మా!" అది గండుపిల్లి. ఇదీ నా ఇంజనీరింగ్ తెలివి.

మర్నాడు నాన్న దాన్ని బుట్టలో పెట్టుకుని టౌనుకి తీసుకెళ్ళాడు. చెయ్యి కూడా వెయ్యకుండా "పిల్లే కదా, వదిలేయండి, ఇంకోటి తెచ్చుకోండి" అన్నారట. వారం తిరక్కుండా పోయింది.

నా గొడవంతా ఆ "పిల్లే కదా" తోనే. లాగ్ తెరిచి చూడకుండా 'వోంట్ ఫిక్స్' అని టికెట్ మూసేస్తే ఆఫీసులో ఊరుకుంటామా?

మాది అనంతపురం జిల్లా. వాన ఎప్పుడొస్తుందో తెలీదు, అది పడేదాకా విత్తనపు శనక్కాయల మూటలు ఇంట్లో కాపాడుకోవాలి. గొర్రె జబ్బు పడితే నష్టమని అందరికీ తెలుసు. ఎలుకల నుంచి ఆ మూటల్ని కాసేది జబ్బు పడితే మాత్రం లెక్కలోకి రాదు. మాటవరసకి అనట్లేదు, నిజంగానే లెక్కలో లేదు! 2019లో ఫలితాలొచ్చిన 20వ పశుగణనలో గాడిద ఉంది, కుక్క ఉంది, కుందేలుంది, ఏనుగు కూడా ఉంది. పిల్లి లేదు. 2024 అక్టోబరులో మొదలైన 21వ గణన జాబితాలోనూ లేదు.

సరే, ఆ కడుపులో ఏముండొచ్చు? పురుగులు కావచ్చు, గుండె జబ్బో కాలేయం జబ్బో గడ్డో కావచ్చు. ఎఫ్.ఐ.పి. అనే జబ్బు కూడా కావచ్చు. పిల్లుల్లో మామూలుగా ఉండే ఒక కరోనా వైరస్ కొన్నిట్లో రూపం మార్చుకుంటే కడుపులో నీరు చేరుతుంది. (కోవిడ్ వైరస్ కాదు, మనకి అంటదు.) సూదితో ఆ నీరు కాస్త తీసి, ఒక చుక్క వెనిగర్ కలిపిన నీళ్ళలో వెయ్యాలి. కరిగిపోతే ఎఫ్.ఐ.పి. కాకపోవచ్చు. చుక్క విడిపోకుండా నిలిస్తే అనుమానం బలపడుతుంది, ఇంకా పరీక్షలు కావాలి. దీని పేరు రివాల్టా పరీక్ష. ఒక సూది, ఒక చుక్క వెనిగర్, అంతే ఖర్చు!

"తెలిసినా మందు లేదుగా" అంటారా? అది పాతమాట. 2019లో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ క్యాంపస్ లో పెడర్సన్ బృందం జి.ఎస్.-441524 అనే మందు 31 పిల్లులకిస్తే 25 బతికాయి. గిలియడ్ కంపెనీ మాత్రం దాన్ని పిల్లుల మందుగా తేలేదు. జనం ఏళ్ళ తరబడి చైనా దొంగసరుకు కొనుక్కున్నారు. బ్రిటన్ లో 2021లో, అమెరికాలో 2024లో డాక్టరు చీటీతో దొరకడం మొదలైంది.

అసలు విషయం వినండి. మనం కోవిడ్ లో పరుగులు పెట్టిన రెమ్డెసివిర్ ఒంట్లోకెళ్ళి మారేది ఈ మందుగానే. బయట దేశాల్లో పిల్లులకి అదీ వాడారు. 2020 జూన్ లో దాన్ని మన హైదరాబాద్ హెటెరో కోవిఫర్ పేరుతో తెచ్చింది. మందు మన గుమ్మం ముందే తయారైంది, మన నోట్లో ఇంకా "వదిలేయండి" అనే ఉంది.

"మనుషులకే దిక్కులేదు, పిల్లులకా?" అనేవాళ్ళుంటారు. 84 రోజుల మందు ఖరీదే, అందరూ కొనలేరు, ఒప్పుకుంటాను. కానీ చెయ్యి పెట్టి చూడ్డానికీ, సూది గుచ్చడానికీ ఏ మనిషి వాటా తగ్గుతుంది?

ఊళ్ళో అమ్మానాన్నల దగ్గర పిల్లి ఉన్నవాళ్ళకి ఒక మాట. పిల్లి ఒక రోజంతా తినకపోతే ఆగకండి, రెండు మూడు రోజుల పస్తుకే కాలేయం దెబ్బతినొచ్చు. పారాసెటమాల్ అస్సలు వెయ్యొద్దు, పిల్లికది విషం. 1962 బండి ఊళ్ళోకొస్తే గొర్రెతో పాటు పిల్లినీ చూపించమనండి. "కడుపులో నీరు తీసి చూడండి" అని గట్టిగా అడగమనండి.

ముఖ్యంగా, నాలాగా ఫోన్లో "ఈనుతుందేమో" అనకండి.