‘సెలైన్ ఎక్కిస్తున్నాం’ అంటే సరిపోతుందా?

నెలలు నిండని బిడ్డ బొడ్డుకో చేతికో సన్నని గొట్టం అమర్చి, “సెలైన్ ఎక్కిస్తున్నాం” అనే ఒక్క మాటతో తలుపు మూసివేయడాన్ని వివరణగా అంగీకరించడం మనం మానుకోవాలి. సెలైన్ అంటే ఉప్పునీరు. అది ఆహారం కాదు. ఉత్త గ్లూకోజు కూడా సంపూర్ణాహారం కాదు.

ముప్ఫయ్యేడు వారాలు నిండకముందే జన్మించిన శిశువులు 2020లో ప్రపంచంలో సుమారు 1 కోటి 34 లక్షలు. వారిలో ప్రతి ఐదుగురిలో ఒకరికి పైగా మన దేశపు బిడ్డలే. గర్భవాసపు చివరి మాసాలలో సమకూరవలసిన కొవ్వు, ఇనుము, కాల్షియం నిల్వలు ఈ పసికందులకు సమకూరలేదు. కిలో బరువైనా లేని బిడ్డకు గ్లూకోజు మాత్రమే ఇస్తే, దేహంలోని మాంసకృత్తులలో రోజుకు సుమారు నూటికి ఒక వంతు కరిగిపోతుంది. సీసా వేలాడుతూనే ఉంటుంది, బిడ్డ మాత్రం పస్తు ఉంటుంది.

ఈ పస్తుకు విరుగుడు వైద్యశాస్త్రానికి తెలుసు. పేగులు దాదాపు లేని ఒక శిశువును కేవలం సిరల ద్వారా పోషించి పెంచిన వైనాన్ని 1968లో ఫిలడెల్ఫియా వైద్యులు విల్మోర్, డడ్రిక్ ప్రకటించారు. గ్లూకోజుతోపాటు అమైనో ఆమ్లాలు, పాలవలె తెల్లనైన కొవ్వు ద్రావణం, ఖనిజాలు, విటమిన్లు కలిస్తేనే అది సిరల ద్వారా ఇచ్చే సంపూర్ణ పోషణ. అమైనో ఆమ్లాలను పుట్టిన తొలిరోజే ఆరంభించాలని 2018 నాటి ఐరోపా మార్గదర్శకాలు చెబుతున్నాయి.

అయితే ఇది అమృతమేమీ కాదు. గొట్టం ద్వారా రక్తంలోకి సూక్ష్మజీవులు చొరబడవచ్చు. వారాల తరబడి సాగితే కాలేయం దెబ్బతిని కామెర్లు రావచ్చు. కనుక ఇది ఏరు దాటించే వంతెన మాత్రమే, ఆవలి ఒడ్డు తల్లిపాలే. బిడ్డ స్థితి అనుకూలించిన వెంటనే చుక్కలుగానైనా తల్లిపాలు గొట్టం ద్వారా కడుపులోకి చేరాలి. డబ్బాపాలతో పేగులు కుళ్ళే జబ్బు ముప్పు హెచ్చు. అటువంటప్పుడు తల్లికి పాలు పిండే విధానం నేర్పకుండా ఇంటికి పంపడం వైద్యమా? రెండు మూడు గంటలకొకసారి పిండకపోతే ఆ పాలు ఇంకిపోవా?

ఇవన్నీ తల్లిదండ్రులకు ఎవరు చెప్పాలి, ఏ భాషలో చెప్పాలి? తమకు తెలిసిన భాషలో, తమకు అర్థమయ్యే రీతిలో వివరణ పొందడం రోగుల హక్కు అని జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో రూపొందించిన హక్కుల పత్రమే పేర్కొన్నది. బళ్ళారిలోనైనా, కృష్ణగిరిలోనైనా, రాయగడలోనైనా తెలుగు తల్లికి ఈ హక్కు వర్తించవలసిందే. చదవలేని లిపిలోని కాగితంపై వేయించుకున్న వేలిముద్ర సమ్మతి కానేరదు.

కావున, బంధువులారా, నిర్భయంగా అడగండి. సీసాలో ఉన్నది ఉత్త గ్లూకోజా, సంపూర్ణ పోషణమా? ఆ వసతి ఇక్కడ లేకపోతే పెద్దాసుపత్రికి ఎప్పుడు పంపుతారు? గొట్టం ఎన్నాళ్ళుంటుంది? తల్లిపాలు ఎప్పుడు మొదలుపెడతారు? ప్రభుత్వాసుపత్రులలో జబ్బుపడిన నవజాత శిశువుకు చికిత్స, పెద్దాసుపత్రికి తరలింపు ఉచితమని 2011 నాటి జనని శిశు సురక్షా కార్యక్రమం హామీ ఇచ్చింది. అది దయ కాదు, మన హక్కు.

బిడ్డ నోరు విప్పి అడగలేదు. బిడ్డ తరఫున అడగవలసిన తల్లి నోటిని భాష పేరిట మూయించే అధికారం ఏ ఆసుపత్రికీ లేదు.