చెమట పట్టనివ్వని జిమ్ములు

మా వీధి చివర కొత్తగా జిమ్ తెరిచారు. పచ్చరంగు ఫ్లెక్సీ కట్టి, సైకిలు తొక్కితే కరెంటు పుట్టే యంత్రాలు పెట్టామని, ఇది పర్యావరణ హితమని ఊదరగొడుతున్నారు. లోపల ఏసీ 18 మీద ఉంది. తలుపు బార్లా తీసి ఉంది. పడమటి ఎండంతా అద్దాల గోడ మీదే!

లెక్క వేద్దాం. మామూలు మనిషి ఒళ్లు వంచి తొక్కితే పుట్టేది ఓ వంద వాట్లు. ఒక్క యూనిట్ కావాలంటే పదిమంది గంటసేపు తొక్కాలి. టన్నున్నర ఏసీ పూర్తిగా నడిస్తే గంటకు సుమారు ఒకటిన్నర యూనిట్ తాగుతుంది. అంటే ఒక్క ఏసీకి పదిహేను మంది కావాలి. తమాషా అక్కడితో అయిపోలేదు. ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో నాలుగో వంతే పెడల్‌కు చేరుతుంది, మిగతాదంతా వేడి. ఆ పదిహేను మంది పుట్టించిన వేడిని బయటికి తోడేసరికే ఆ ఏసీ పని సరి. వాళ్లు తొక్కేది తమను తాము చల్లబరచుకోవడానికన్నమాట!

ఏసీ ఒక్క డిగ్రీ పెంచితే 6 శాతం ఆదా అని ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ మొత్తుకుంటోంది. 2020 నుంచి గది ఏసీలు 24 దగ్గరే మొదలయ్యేలా నిబంధన కూడా పెట్టింది. 18ని 24 చేస్తే బిల్లులో ఏసీ వాటా మూడో వంతు దాకా తగ్గుతుంది. పైన 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు, అద్దాలకు పరదాలు చాలు. కానీ వీటికి ఫ్లెక్సీ కట్టలేరుగా! గుండెల మీద ఏనుగును ఎక్కించుకున్న కోడి రామ్మూర్తి నాయుడు ఏ ఏసీలో కసరత్తు చేశాడండీ? మన తాలింఖానాల్లో మట్టి గోదా, ఎత్తున కిటికీలు ఉండేవి. చెమట పట్టడం తప్పని అప్పుడెవరికీ తోచలేదు.

అన్నిటికన్నా నాకు మంట ట్రెడ్‌మిల్ మీద. కాళ్లున్న మనిషిని మోటారు పెట్టి నడిపించడమేమిటి? అదీ కిలోమీటరు దూరం కారులో వచ్చి! అయితే వాళ్లను మాత్రం ఏమనగలం? ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన బజ్జీల బండి, ఆపైన వరసగా బైకులు. పార్కుకు వెళ్దామంటే ఎండెక్కగానే గేటుకు తాళం.

మున్సిపల్ కమిషనర్‌గారూ, మా వీధికి గజం వెడల్పు ఖాళీ ఫుట్‌పాత్ ఇప్పించండి. ట్రెడ్‌మిల్ స్విచ్ మేమే కట్టేస్తాం.