నాపరాళ్లు పెరికించుట ఎందుకు?

బళ్లారిలో పాత ఇండ్లు బాగుచేయించువారు నాపరాళ్లు పెరికించి, అద్దమువంటి విట్రిఫైడ్ టైల్స్ పరిపించుట పరిపాటి అయినది. 1953లో ఈ ఊరు మైసూరు రాష్ట్రంలో చేరిన తరువాత గూడ మా ఇంటికి బండలు తాడిపత్రి, బేతంచెర్ల నుండియే వచ్చినవి. ఒక బండ కదిలిన, దానినే తీసి, క్రింద గార వేసి మరల పరచవచ్చును. మేస్త్రీలు ఈ మాట చెప్పరు. చెప్పిన వారికి పని తక్కువ!

నాపరాయి సున్నపురాయి గనుక ఆసిడ్‌తో కడుగరాదు, చింతపండు పులుసు పడిన మచ్చ పడును, నిజమే. కాని మా అమ్మగారు ఎనభై దాటినవారు. తడికాళ్లతో ఆ నున్నని టైల్స్ మీద ఎట్లు నడచెదరు? పిల్లలు వినక వేయించదలచిన, స్నానాలగదికీ పెరటివసారాకూ అయినా గరుకు రకమే అడిగి కొనవలెను.

— ఒక గృహస్థు, బళ్లారి