ఒక రాష్ట్రపు వోట్లు



ఈ మాసమున మీకొక దూరదేశపు లెక్కను చెప్పదలచితిని. లెక్కకు ముందు నా తప్పొకటి ఒప్పుకొనవలసియున్నది.

ఒక వేసవిలో యెన్నికలు వచ్చినవి. ఆనాడే మా యింట ఆవకాయ. తెల్లవారకమునుపే కాయలు దిగినవి. ముక్కలు కొట్టించి, తుడిచి, ఆవపిండి, కారము, ఉప్పు పాళ్లు చూచి కలుపునప్పటికి ప్రొద్దు వాలినది. మావారు బడిపంతులు గనుక యెన్నికల పనిమీద ముందునాడే పొరుగూరికి వెడలిరి. ప్రక్కయింటి పిన్నిగారు గుమ్మము కడ నిలిచి, "ఏమే అమ్మాయీ, వోటుకు రావా?" అని పిలిచిరి. "ఇన్ని లక్షల మందిలో నా యొక్కదాని వోటు లేకున్న కొదువేమి, పిన్నిగారూ? ఇప్పుడు లేచితినా యీ ముక్క పాడగును" అంటిని. ఆమె మారుమాటాడక ఒంటరిగనే వెడలిరి.

ఆ మాట తప్పని నాకు బోధపడుటకు చాలకాలము పట్టినది. మావారి బీరువాలోని అమెరికా చరిత్రము చదువుచుండగా, 1916వ సంవత్సరపు అధ్యక్షుని యెన్నికలో కాలిఫోర్నియా రాష్ట్రమిచ్చిన తీర్పు కంటబడినది. అదియే నా గురువైనది.

ఆ దేశమున ప్రజలు అధ్యక్షుని నేరుగ నెన్నుకొనరు. ప్రతి రాష్ట్రమునకును కొందరు ఎలక్టరులు కలరు. రాష్ట్రములో ఒక్క వోటు అధికముగ వచ్చినను, సామాన్యముగ ఆ రాష్ట్రపు ఎలక్టరులందరును ఆ అభ్యర్థికే దక్కుదురు. 1916లో అట్టివారు మొత్తము 531 మంది. గెలుచుటకు 266 మంది కావలెను. కాలిఫోర్నియాకు 13 మంది. అధ్యక్షపదవిలోనున్న వుడ్రో విల్సను మరల నిలిచెను. ఆయనకు ప్రతిగా, సర్వోన్నత న్యాయస్థానపు పదవిని విడిచివచ్చిన చార్లెసు ఎవాన్సు హ్యూసు నిలిచెను.

నవంబరు 7వ తేదీన వోట్లు పడినవి. తూర్పు రాష్ట్రములు పెక్కులు హ్యూసు పక్షము చేరగా, ఆ రాత్రియే కొన్ని పత్రికలు ఆయన గెలిచినట్లు ప్రకటించినవి. కాని పడమటి తీరమున లెక్క తెమలలేదు. రెండు మూడు దినములు దేశమంతయు కాలిఫోర్నియావైపు చూచుచు కూర్చున్నది. తుదకు తేలిన దేమనగా, విల్సనుకు 4,66,289, హ్యూసుకు 4,62,516. తేడా 3,773 వోట్లు. ఆ 13 మందితో విల్సనుకు 277, హ్యూసుకు 254 అయినవి. ఆ 13 మందియు అటు చేరియుండినచో హ్యూసు 267తో అధ్యక్షుడయ్యెడివాడు.

లెక్కను ఇంకొక విధముగ చూడుడు. విల్సనుకు వోటిచ్చినవారిలో 1,887 మంది మనసు మార్చుకొని హ్యూసుకు వేసియుండినచో, హ్యూసే ఒక్క వోటుతో గెలిచియుండును. కాలిఫోర్నియాలో జిల్లాలు 58. జిల్లాకు ముప్పదిముగ్గురు చొప్పున చాలును. మావారి బడిలో ఒక తరగతి పిల్లలంతమంది! వారిలో ఎవరైనను "నా యొక్క వోటుతో నేమి?" అనుకొనియుందురా?

ఆ వోటు వేసినవారిలో స్త్రీలును కలరు. వారికా హక్కు వచ్చిన తీరు మరింత వింతయైనది. స్త్రీలకు వోటీయవచ్చునా యని 1911 అక్టోబరు 10వ తేదీన ఆ రాష్ట్రపు పురుషులను అడిగిరి. హక్కు కావలసినది స్త్రీలకు. తీర్పు చెప్పవలసినది పురుషులు. శాన్‌ఫ్రాన్సిస్కో నగరము వలదన్నది. మరునాటి పత్రికలు స్త్రీల కోరిక ఓడిపోయినదని వ్రాసినవి. తరువాత పల్లెల లెక్కలు ఒక్కటొక్కటిగ వచ్చి త్రాసును మొగ్గించినవి. ఔనన్నవారు 1,25,037, కాదన్నవారు 1,21,450. తేడా 3,587. ఇంచుమించు అంతే తేడాతో, అయిదేండ్ల పిదప ఆ రాష్ట్రమే దేశాధ్యక్షుని నిర్ణయించినది!

హ్యూసు ఓటమికి పెద్దలు చెప్పు కారణము మరియొకటి కలదు. అది మన గృహిణులకు సులభముగ బోధపడునది. ఆగస్టులో ఆయన కాలిఫోర్నియాలో పర్యటించుచు, లాంగుబీచి యను సముద్రతీరపట్టణమున ఒక హోటలులో కొన్ని గడియలు నిలిచెను. ఆ రాష్ట్రపు గవర్నరును, జనులకు మిగుల ప్రియుడునైన హైరం జాన్సను ఆ సమయముననే ఆ హోటలులో ఉండెను. హ్యూసు చుట్టును చేరినవారు జాన్సనుకు గిట్టనివారు. ఆయన అచ్చటనే యున్నాడని హ్యూసు ఎరుగడు. పలుకరింపకయే వెడలిపోయెను. దారిలో తెలిసి మన్నింపు వేడి, తన సభకు అధ్యక్షత వహింపుమని కోరినను జాన్సను ఒప్పుకొనలేదు. పరధ్యానమున శకుంతల వాకిటి దుర్వాసుని గమనింపలేదు; ఆమె మనసున అవమానింపవలెనను తలంపు లేదు, అయినను శాపము తప్పలేదు. ఆ యెన్నికలోనే జాన్సను దాదాపు మూడులక్షల ఆధిక్యముతో సెనేటుకు నెగ్గెను. అదే పక్షమువాడైన హ్యూసు 3,773 వోట్లతో రాష్ట్రమును పోగొట్టుకొనెను.

ఇక స్త్రీల వోటు ఎటు పడినదో చూతము. కాలిఫోర్నియాలో వారి చీట్లను వేరుగ లెక్కింపలేదు గనుక, స్త్రీలే విల్సనును గెలిపించిరని ప్రమాణము చేసి చెప్పరాదు. దేశమంతట స్త్రీలకు వోటీయవలెనన్న రాజ్యాంగసవరణను హ్యూసు బలపరచెను. అది రాష్ట్రముల ఇష్టమని విల్సను ఆనాడు తప్పుకొనెను. ఈ కారణముచే కొందరు స్త్రీలు విల్సనునకు ఎదురు తిరిగిరి. వారిలో ఇనెజు మిల్‌హాలండు అను యువతి పడమటి రాష్ట్రములు తిరిగి ఉపన్యసించుచు, అక్టోబరులో లాసుఏంజిల్సు సభావేదికమీదనే సొమ్మసిల్లి పడి, నవంబరు 25వ తేదీన ముప్పదేండ్లకే కన్ను మూసినది. అయినను స్త్రీలు అధ్యక్షుని యెన్నికలో వోటు వేయగల 12 రాష్ట్రములలో 10 విల్సనుకే దక్కినవి. ఏలయనగా, ఐరోపాలో మహాయుద్ధము మండుచుండగా, మనలను యుద్ధమునుండి తప్పించినవాడు విల్సనని ఆయన పక్షమువారు ఊరూర చాటిరి. బిడ్డలను కన్నవారు తమ హక్కుకన్న బిడ్డల ప్రాణమునే ముందు తలచిరని ఆనాడు పలువురు అనుకొనిరి.

ఆ శాంతి ఎన్నాళ్లు నిలిచినది? విల్సను రెండవమారు ప్రమాణము చేసిన నెల దాటగనే, 1917 ఏప్రిలు 6వ తేదీన అమెరికా యుద్ధమున దిగినది.

ఇది చదివిననాడు నాకు ఉద్యోగపర్వము తలపునకు వచ్చినది. సంధి చెడుచుండగా గాంధారిని సభకు పిలిపించిరి. ఆ తల్లి ధర్మము చెప్పినది, కొడుకు వినలేదు. యుద్ధమాగలేదు. మరి కాలిఫోర్నియా స్త్రీల వోటును అంతేనా? చాలసేపు నేనును అట్లే తలచి పుస్తకము మూసితిని. మరల తెరచి చూడగా తేడా కనబడినది. గాంధారిని సభకు ఒకరు పిలువవలసియుండెను. పిలువనినాడు ఆమెకు సభలో చోటు లేదు. వోటున్న స్త్రీని ఒకరు పిలువనక్కరలేదు. నాలుగేండ్లకొకమారు సభయే ఆమె వాకిటికి వచ్చును. ఆ 1916లోనే మొంటానా రాష్ట్రమునుండి జెన్నెటు రాంకిన్ అను స్త్రీ మొట్టమొదటిసారి అమెరికా కాంగ్రెసుకు ఎన్నికై, యుద్ధము వలదని వోటు వేసినది. ఆమెతో కలిసి అట్లు వేసినవారు ఏబదిమందియే. ఓడినది గాని ఆమె మాట లెక్కకెక్కినది. వోటున్న స్త్రీల బలమును చూచియే విల్సను 1918లో తన మాట మార్చుకొని సవరణను బలపరచవలసివచ్చినది. 1920లో అది శాసనమైనది. మరుసటి యేడు, 1921లో, మన ఆంధ్రజిల్లాలు చేరియుండిన మద్రాసు రాజధాని శాసనసభ, ఆస్తి నియమమునకు లోబడి, స్త్రీలకును పురుషులతోపాటు వోటిచ్చినది. నాకా వేసవిదినమున లభించిన హక్కు ఇట్టి దారులన్నియు నడిచి మా గుమ్మమునకు వచ్చినదే. నేను దానిని ఆవపిండి చేతులతో తిప్పిపంపితిని.

వోటు వేసినంతమాత్రమున కోరినది దొరకునని నేననను. కాలిఫోర్నియా తల్లులకు దొరకలేదు. కాని వేయనివారు "నేనిది కోరలేదు" అని చెప్పుటకును అర్హులు కారు.

మొన్న పిన్నిగారికి ఈ లెక్కయంతయు చెప్పితిని. ఆమె ఓపికగ విని, తమలపాకు తొడిమ గిల్లుచు, "అదంతయు సరే గాని, ఆ యేటి నీ ఆవకాయ ఎట్లున్నదే అమ్మాయీ?" అని అడిగిరి.

ఉప్పు చాలక శ్రావణమునకే బూజు పట్టినదని చెప్పలేక, తల వంచుకొంటిని.