వెనక్కి వాలితే స్కీ మాట వినదు!

పోయిన సీజన్‌లో గుల్మార్గ్ వెళ్లి నాలుగు రోజులు స్కీయింగ్ నేర్చుకొచ్చారు. ఈ డిసెంబరుకీ టికెట్లు బుక్ చేసేశారు. బాగుంది. కానీ దిగిన రోజే గొండోలా ఎక్కి అఫర్వాత్ పైకి వెళ్లిపోదామనుకుంటున్నారా? ఆగండాగండి. ఆ పై స్టేషన్ దాదాపు 3,950 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడి వాలు చాలావరకు చదును చేసింది కాదు, మంచు చరియల భయమూ ఉంది. పైగా సీజన్ మొదట్లో మంచు పలచగా ఉంటే దాని కిందే రాళ్లుంటాయి.

మొదటి రోజుకి కింద ఉన్న చిన్న వాలు చాలు. అక్కడ ముందుగా వదిలించుకోవాల్సింది వెనక్కి వాలే అలవాటు. ఏడాది గ్యాప్ వస్తే చాలు, చాలామందికి ఈ జబ్బు తిరగబెడుతుంది. పల్లం చూడగానే భయమేసి ఒళ్లు దానంతటదే కుర్చీలో కూర్చున్నట్టు అయిపోతుంది. బరువంతా మడమల మీద పడి స్కీల ముందు భాగం తేలిపోతుంది. ఇక తిప్పినా తిరగవు. తొడలు మండిపోతాయి. పడితే మోకాలి లిగమెంటుకీ ముప్పే.

సరిగ్గా నిలబడ్డామా లేదా అన్నది బూటే చెబుతుంది. మోకాలి కింద ముందువైపు ఎముక బూటు నాలుకకి ఆనుకుని ఉండాలి. పిక్కలు వెనక గోడకి నొక్కుకుంటున్నాయంటే వాలిపోయినట్టే. అన్నట్టు, చలికి భయపడి రెండు జతల సాక్సులు వేస్తే ఈ స్పర్శే తెలీదు. ఒక్క జత చాలు.

తర్వాత మలుపు. బైకు నడిపే మనవాళ్లకి మలుపులో ఒళ్లంతా లోపలికి వంచేయడం అలవాటు. ఇక్కడ అది పనిచేయదు. కుడికి తిరిగేటప్పుడు బరువు ఎడమ కాలి మీద, ఎడమకి తిరిగేటప్పుడు కుడి కాలి మీద ఉండాలి. తిరుగుతూనే లోపలి స్కీ వెనక కొసని కొంచెం పైకెత్తి చూడండి. తేలిగ్గా లేచిందా, బరువు సరైన చోటే ఉంది. లేవకపోతే ఇంకా నెమ్మదిగా, ఇంకా చిన్న వాలు మీద చేయండి. చూపు స్కీల మీద కాదు, వెళ్లాల్సిన చోట ఉండాలి.

అద్దె షాపువాడు బరువు అడిగితే మొహమాటపడకుండా నిజం చెప్పండి. బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగ్‌ని బిగించడానికి అది కావాలి. ఎక్కువ చెబితే పడ్డప్పుడు ఊడదు, తక్కువ చెబితే ఊరికే ఊడొస్తుంది.

బయల్దేరే ముందు రెండుమూడు వారాలు స్క్వాట్లు, ఒంటికాలి మీద నిలబడటం చేస్తే మంచిది. అయినా మొదటి రోజు మధ్యాహ్నానికి తొడలు వణుకుతాయి. పక్కనున్న ఫ్రెండు ‘ఇంకొక్క రౌండ్ రా’ అంటాడు. మీరు మాత్రం స్కీలు విప్పేసి వేడివేడి కహ్వా చెప్పండి.